మూలన నిలబెట్టిన పరుపు

మా మామయ్య పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చికి తయారై చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే దగ్గు తెర వచ్చి కుర్చీలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు.

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల పక్కన ఆయన ఇల్లు. ముందు గదిని పాటలు వినడానికే ఉంచుకున్నారు. రెండు పెద్ద స్పీకర్లు, ఒక కుర్చీ, అంతే. ఆ కుర్చీని ఆయన జరపని చోటు లేదు. గోడకు ఆనిస్తే చెవులు గుయ్యిమనేవి, గది మధ్యకు లాగితే బేసే, ఆ కింది మోతే, వినపడేది కాదు. "గది మన మాట వినదమ్మా, మనమే దాని మాట వినాల" అనేవారు. నేను నవ్వేదాన్ని.

అత్తయ్య పోయాక నవ్వడం మానేశాను. ఆమె పాటల్లో ఒక్కటే రికార్డింగుగా మిగిలింది, చర్చిలో శుభ శుక్రవారం పాడింది. ఆడవాళ్ళలో అంత లోతు గొంతు నేనెక్కడా వినలేదు. వెనక డోలక్, తాళాలు, బేస్ గిటార్. ఆ గదిలో పెడితే కింది మోతంతా మూలల్లో పేరుకుని ఆమె గొంతును మింగేసేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటే కసిరారు. "మీ అత్త చెవిలో దూరి పాడిందా? ఎదురుగా నిలబడి పాడినాది."

నెల్లూరు నుంచి కోడిగుడ్ల అట్టల్లాంటి ఫోమ్ షీట్లు తెచ్చి గోడలకు అతికించారు. తాళాల చప్పుడు మెత్తబడింది గానీ మోత మోతే. "పల్చటి వాటికి బేసు లొంగదు" అని తేల్చారు.

మా వైపు మనిషి పోతే పడుకున్న పరుపు ఇంట్లో ఉంచరు. అత్తయ్య పరుపునూ పెరట్లోకి ఈడ్చారు. వాన పడుతోందని మామయ్య దాన్ని లోపలికి తెచ్చి, ఆ గది మూలకు అడ్డంగా నిలబెట్టారు. చుట్టాలు తిట్టిపోశారు. ఆ సాయంత్రం పాట పెడితే మోత తగ్గి, ఆమె మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నాకు ఫోన్ చేసి "మీ అత్త వచ్చినాదమ్మా" అన్నారు. నాకు భయమేసింది.

బూరుగు దూది పరుపు, పైగా సముద్రపు గాలి. బూజు పట్టింది. ఎండ కాసినప్పుడల్లా మిద్దె మీద ఆరేసి, మళ్ళీ మూలకే చేర్చేవారు. దగ్గు మొదలైంది. డాక్టరు దాన్ని తీసేయమన్నాడు. ఆయన కూతురు, మా వదిన, కాళ్ళావేళ్ళా పడింది.

"తీసేస్తే మీ అమ్మ మళ్ళా మునిగిపోతాది."

"మరి నువ్వు పోతే?"

ఆయన పాట పెట్టుకున్నారు.

పరుపు వల్లే పోయారని డాక్టరు అనలేదు. మేం మాత్రం అదే అనుకుంటున్నాం. నాకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు వదిన అత్తయ్య పరుపును చెరువు కట్ట మీద వేయించి తగలబెట్టించింది. మామయ్య పరుపును పెరట్లో పడేయించింది. తర్వాత గదిలోకి వెళ్ళి పాట పెట్టింది. మోత తప్ప ఏమీ లేదు. స్పీకరుకు చెవి ఆనించి చూసింది.

"అమ్మ యాడుంది మే?" అంది నాతో.

వదిన పెరట్లోకి పోయి, తండ్రి పరుపును ఈడ్చుకొచ్చింది. నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ మూలకే అడ్డంగా నిలబెట్టి, పాట మొదటి నుంచి పెట్టింది. అత్తయ్య గొంతు వచ్చింది. ఆ గొంతుకు ఎదురుగా, మామయ్య వీపు ఆనిన గుంట పరుపు మీద అలాగే ఉంది. కట్ట మీది పొగ కిటికీలోంచి వస్తుంటే, వదిన ఆయన కుర్చీలో కూర్చుని దగ్గుకుంటూ వింటోంది.