చేప ఈదిందా?

మూడేళ్ల కిందటి మాట. నాకు ఎనిమిదో నెల. పులికాట్ సరస్సు ఒడ్డున మా అత్తగారింట్లోనే ఉన్నాను. అత్త చేపలమ్మి మధ్యాహ్నం ఇంటికి రాగానే, గంప దించకముందే అడిగేది: "ఏమ్మే, చేప ఈదిందా?" కడుపులో బిడ్డ కదిలిందా అని అడగడం ఆమె భాషలో అది. రోజూ అదే ప్రశ్న. నాకు మహా విసుగు.

ఆ రోజు కూడా అడిగింది. "ఈదిందిలే అత్తా" అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, పొద్దున్నుంచి బిడ్డ కదిలినట్టే లేదు. అన్నం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. గంట గడిచినా కదలిక లేదు. ఏడుస్తూ అత్తకు నిజం చెప్పాను.

తిడుతుందనుకున్నాను. "పా, ఆస్పత్రికి పోదాం. రేపటిదాకా చూసే పని కాదిది" అంది. ఆటోలో దారి పొడుగునా నా కడుపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

నర్సమ్మ కడుపు మీద మిషను ఆనించి అటూ ఇటూ జరిపింది. ఏమీ వినిపించలేదు. ఇంకాస్త కిందకు జరపగానే డబడబమని గుండె చప్పుడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మన బోటు ఇంజను మాదిరి ఆడతా ఉండాది" అంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, బిడ్డ క్షేమమని చెప్పాకే ఇల్లు చేరాం.

ఆ చేపపిల్ల ఇప్పుడు ఒక్కచోట నిలవదు. మా తోటికోడలికి ఏడో నెల. రోజూ నేనే అడుగుతున్నాను. "ఈదిందిలే అక్కా" అని విసుక్కుంటుంది.

చెయ్యి పెట్టి చూసి చెప్పమంటాను.