మా మామ కొన్న మిలిటరీ జీపు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మా మామ సికింద్రాబాదులో మిలిటరీ సామాన్ల వేలంపాటకు వెళ్ళాడు. గుడారాల గుడ్డ తెస్తానని వెళ్ళినవాడు జీపు కొన్నాడు. ఆయనకు వరంగల్లులో మూడు మగ్గాలుండేవి, జంపఖానాలు నేసేవాడు. నేను కాజీపేటలో రైలింజన్ల షెడ్డులో ఫిట్టరును. జీపు గూడ్సుబండిలో కాజీపేటలోనే దిగింది కాబట్టి మా ఇంట్లో దాన్ని మొదట చూసినవాణ్ణి నేనే. ముందు చక్రాలు రెండూ లేవు.

"మామా, చక్రాలేవి?" అని అడిగాను.

"ఎన్క రెండున్నయి గద," అన్నాడు.

తొర్రూరులో వారానికోసారి జరిగే అంగడికి ఎడ్లబండి మీద సరుకు తీసుకుపోయి రావడానికి నాలుగు రోజులు పట్టేది. జీపుంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చని ఆయన ఆలోచన. దాన్ని బాగుచేసే పని నాది. నాకు తెలిసిన ఇంజన్లు బొగ్గు తింటాయి, పెట్రోలు ఇంజన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆ మాటే చెప్పాను. "మెల్లగ నేర్చుకో, ఫికర్ లేదు," అన్నాడు.

ఆరు నెలల పాటు నా ఆదివారాలన్నీ మామ ఇంటి ముందు జీపు కిందే గడిచాయి. పెట్రోలు గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి వారం నాననిచ్చి చెక్కముక్కతో తడితే మూడు వదిలాయి. నాలుగోది ఇంకో రెండు వారాలు తీసుకుంది. హన్మకొండలో లారీలు బాగుచేసే ఒకాయన దగ్గర ముందు చక్రాలు దొరికాయి. ఈలోగా మా అత్తమ్మ బానెట్ మీద మిరపకాయలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. చదునుగా ఉంది, ఎండ బాగా తగులుతుంది, కోళ్ళు ఎక్కలేవు. బానెట్ ఎత్తాలంటే నేను ముందు ఆమెను అడగాల్సి వచ్చేది.

సీట్ల గుడ్డ చీకిపోయింది. మామ తన మగ్గం మీదే దళసరిగా ఎర్ర నీలి చారల గుడ్డ నేసి, సీట్లకు తొడిగించాడు. మిలిటరీ పచ్చరంగు బండికి ఆ చారలు బాగాలేవని వాడలో ఒక్కరూ అనలేదు. నేసిన మనిషి పక్కనే నిలబడి ఉండేవాడు.

ఆ జీపుకు స్టీరింగు ఎడమ వైపు ఉండేది. మామ కుడి వైపు కూర్చునేవాడు. దాంతో అందరూ ఆయనే నడుపుతున్నాడనుకునేవాళ్ళు, బెదిరిన ఎడ్లవాళ్ళు ఆయన్నే తిట్టేవాళ్ళు. మొదట్లో నా వైపు చేయి చూపించేవాడు. తర్వాత తనే బదులు తిట్టడం మొదలుపెట్టాడు.

వానలు వెనకబట్టాక, నాకు డ్యూటీ లేని ఒక అంగడి రోజున, వెనక జంపఖానాలు కట్టుకుని తెల్లవారుతుండగా బయలుదేరాం. సగం దూరం పోయాక మామ రోడ్డు వదిలి బండ్లబాట పట్టమన్నాడు. దగ్గర దారేమో అనుకున్నాను. బురదలో చక్రాలు తిరుగుతూ ఉండిపోతే పక్కనున్న చిన్న గేరు కర్రను లాగాను. ముందు చక్రాలు కూడా పట్టి, జీపు గట్టెక్కింది. మామ సంతోషంగా మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత వాగు వచ్చింది.

నడి వాగులో ఇంజన్ ముందున్న ఫ్యాను నీళ్ళను ఎత్తి ఇంజన్ మీదే పోసింది. జీపు ఆగింది. మామ రెండు కాళ్ళూ పైకి ఎత్తిపెట్టుకున్నాడు.

"ఏమైంది అల్లుడా?"

"ఆగింది మామా."

"అది నాక్కూడ తెలుస్తాంది."

అవతలి ఒడ్డున ఒక మనిషి ఎడ్లజతతో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. ఆయన మా మామ సొంత తమ్ముడు. మగ్గం మానేసి, ఆ ఒడ్డునే ఉన్న అత్తగారి ఊళ్ళో వ్యవసాయం చేస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముడి కూతురి పెళ్ళికి పిలుపు వేరే మనిషితో వచ్చింది, తమ్ముడు స్వయంగా రాలేదు. అందుకని మామ పెళ్ళికి పోలేదు. సంగతి అంతే.

"అల్లుడా, మంచిగున్నవా?" అని చిన్నమామ కేకేశాడు.

"మంచిగున్న చిన్నమామా."

"నీళ్ళల్ల ఏం జేస్తాండో మీ మామనడుగు."

మామ ఎదురుగా చూస్తూ, "అంగడికి పోతాన్నమని చెప్పు వానికి," అన్నాడు.

"పోతాన్నట్టు కనవడ్తలేదని చెప్పు."

ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. అయినా నేను ప్రతి మాటా రెండోసారి చెప్పాను. నా పని అదేననిపించింది.

"ఎడ్లను గట్టాల్నా అడుగు," అన్నాడు చిన్నమామ.

మామ మెడ తిప్పి వెనక సరుకు చూసుకున్నాడు. అడుగు వరస అంచులు నల్లబడుతున్నాయి.

"తమ్మీ," అన్నాడు, "జంపఖానలు తడుస్తాన్నయిరా."

నేను ఆ మాట మళ్ళీ చెప్పేలోపే చిన్నమామ ఎడ్లతో సహా వాగులోకి దిగాడు.

ఎడ్లు జీపును బయటికి లాగాక ఒడ్డు మీద జంపఖానాలు ఆరబెట్టాం. చిన్నమామ తలపాగా విప్పి ఇస్తే దాంతో ఇంజన్ తుడిచాను. చిన్నమామ ఇంటినుంచి జొన్న గటక, పచ్చిపులుసు వచ్చాయి. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తిన్నారు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత చిన్నమామ జీపు సీటు మీద వేలితో రాసి, "అన్నా, గీ చార జర వంకర వోయింది," అన్నాడు.

"కండ్లు సరిగ కనవడ్తలేవురా," అన్నాడు మామ. ఆ సంగతి ఆయన మాకెవరికీ చెప్పలేదు.

ఆ రోజు మేము తొర్రూరు చేరేసరికి అంగడి లేచిపోయింది. సరుకంతా అలాగే తిరిగొచ్చింది. మామ మాత్రం దారిపొడుగునా మీసం దువ్వుకున్నాడు.

నీళ్ళలో దిగేముందు ఫ్యాను బెల్టు విప్పేయాలని తర్వాత ఒక లారీ డ్రైవరు చెప్పాడు. అప్పటినుంచి జీపు తనంతట తాను ఏ వాగులోనూ ఆగలేదు. మేము వదిలేసిన రోడ్డునే పోతే తొర్రూరు దాకా వాగు తగలదని కూడా ఆయనే చెప్పాడు. మామను అడిగితే, "ఎరుకే," అన్నాడు. మేము వాగు దారినే వెళ్ళేవాళ్ళం. చిన్నమామ ప్రతిసారీ ఎడ్లను పట్టుకుని అవతలి ఒడ్డున సిద్ధంగా ఉండేవాడు. అవసరం లేదని చెప్పబోతే మామ నా చేయి పట్టుకునేవాడు.

"ఇంజన్ బంద్ చెయ్యి అల్లుడా," అనేవాడు. "వాడు ఎడ్లను గట్టనీ."