పరగడుపున తీసిన రక్తం

నాన్నగారు నూజివీడులో లెక్కల మాస్టారు. సన్నటి మనిషి, నలభై కూడా నిండలేదు. ఎనభైల్లో ఒక వేసవి ముందు, బోర్డు మీద లెక్క చేస్తూ కుప్పకూలిపోయారు. తోటి మాస్టార్లు జీపులో హనుమాన్ జంక్షన్ మీదుగా బెజవాడ తీసుకెళ్లారు. గుండెపోటు. బతికారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు అమ్మతో, ఆయన రక్తంలో కొవ్వు చాలా ఎక్కువుందని, పిల్లలిద్దరికీ పరీక్ష చేయించమని చెప్పారు. నా వైపు చూసి, "ముఖ్యంగా ఈ అమ్మాయికి. వయసుకి మించిన బరువుంది" అన్నారు.

నాకప్పుడు పదకొండేళ్లు. బొద్దుగా ఉండేదాన్ని. మూడేళ్లు పెద్దదైన అక్క బక్కపలచగా ఉండేది, బడిలో పరుగుపందేలన్నీ తనవే.

నాన్నగారు తేరుకునేదాకా పరీక్ష నెల రోజులు వాయిదా పడింది. ఆ నెలంతా అమ్మ నాకు నెయ్యి ఆపేసి నా వంతు కూడా అక్కకే వడ్డించింది. రెడ్డిగూడెం మామిడితోట నుంచి మామయ్య పంపిన రసాలు కూడా దానికే. నాకేమీ తినాలనిపించేది కాదు. మేడమెట్లు ఎక్కడం మానేశాను. మధ్యాహ్నాలు గుండె మీద చెయ్యి పెట్టుకుని, కొట్టుకోవడం ఆగుతుందేమోనని కదలకుండా పడుకునేదాన్ని.

ఒకరోజు పరగడుపున మొదటి బస్సుకి బెజవాడ వెళ్లి రక్తం ఇచ్చాం. సాయంత్రం డాక్టరుగారు రెండు కాగితాలూ చూశారు.

"చిన్నమ్మాయికి ఫర్వాలేదమ్మా, కాస్త బరువు తగ్గితే చాలు. పెద్దమ్మాయికే ఎక్కువుంది. చాలా ఎక్కువ."

"పేర్లు తారుమారయ్యాయేమోనండీ" అంది అమ్మ. "మళ్లీ చూడండి."

ఇంకో రోజు పరగడుపున మళ్లీ రక్తం తీసి చూసినా అదే వచ్చింది.

"లావుగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే" అన్నారు డాక్టరుగారు. "కానీ పెద్దమ్మాయికి తండ్రి నుంచి వచ్చింది. సన్నగా ఉన్నా వస్తుంది."

"నెలరోజులు నా చేత్తో నేనే పెట్టానండీ" అంది అమ్మ, చాలా మెల్లగా.

"మీరు పెట్టినందువల్ల వచ్చింది కాదమ్మా."

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అక్క మొహం చూశాను. సూది గుచ్చిన చోటు వేలితో అదిమిపట్టుకుని, "నేను పరిగెత్తొచ్చా అండీ?" అని అడిగింది.

"పరిగెత్తమ్మా, మంచిదే" అన్నారాయన. నేను నమ్మలేదు. ఆ ఏడు పందేలప్పుడు ముగింపు గీత దగ్గర నిలబడి, ఎవరు గెలుస్తున్నారో చూడకుండా దాని మొహం రంగే చూశాను. గెలిచి నవ్వుతూ వచ్చి, "ఏంటే అలా చూస్తున్నావు?" అంది.

మా ఇంట్లో అందరికీ నూనె, నెయ్యి తగ్గిపోయాయి. నాన్నగారు ఇంకో తొమ్మిదేళ్లు బతికారు. తర్వాత మంచి మందులొచ్చాయి. అక్కకి యాభై దాటాయి, మాత్ర మానకుండా వేసుకుంటుంది, బాగానే ఉంది. అయినా నేను రెండుసార్లు ఫోన్ చేసి అది ఎత్తకపోతే, మూడోసారి చేసి, ఎత్తేదాకా గుండె మీద చెయ్యి పెట్టుకునే ఉంటాను.