చిన్నాయన బండి వెనక సీటు

మిట్టేమరి చిన్నాయన పోయాడు. చిక్కబళ్లాపురం ఆసుపత్రి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ చిన్నాయన ఇంక లేడమ్మా. గుండె నిలిచిపోయిందంట. నువ్వు తొందరగా రా, నాకు భయంగా ఉండాది" అంది. చింతామణిలో మా అంగడి ముందు నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకూ భయమే వేసింది. ఎందుకో మీకు చెప్పాలంటే ఆయన బండి గురించి చెప్పాలి.

ఆయన మా నాన్నకు తమ్ముడు. మిట్టేమరిలో చిల్లర అంగడి పెట్టుకున్నాడు. బియ్యం మూటలు, నూనె డబ్బాలు, బెల్లం అన్నీ బాగేపల్లి నుంచి మోటారు సైకిలు మీదే తెచ్చుకునేవాడు. బరువుకు బండి కుంగకుండా వెనక షాకబ్జర్ల స్ప్రింగులు బిర్రుగా బిగించి పెట్టేవాడు. మా వైపు బండి మీద సరుకు తోలేవాళ్లందరూ ఇంతే. మూటలు దించాక మళ్లీ వదులు చేసే అలవాటు ఎవరికీ లేదు. ఖాళీ బండి గుంతలో పడి ఎగిరితే నడుం పట్టుకుని రోడ్డును తిట్టుకుంటారు.

నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు చిన్నాయన చింతామణికి వచ్చి, "మా ఇంట్లో ఉండనీయండప్పా, మేం చూసుకుంటాం" అని మా ఆయనతో చెప్పి పిలుచుకుపోయాడు. బాగేపల్లిలో డాక్టరమ్మ దగ్గరికి తరచూ పోవాలి. బస్సులో నిలబడే చోటు దొరికితే గొప్ప. ఇక మిగిలింది ఆ బండే. "బండి ఎక్కినందుకు కడుపులు పోవమ్మా, ధైర్యంగా ఉండు" అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా అది నా చెవికెక్కిందే గాని మనసుకెక్కలేదు. కూర్చుంటే భయం, లేస్తే భయం. ఆఖరికి తుమ్ము వచ్చినా భయమే.

మొదటిసారి పోయేటప్పుడు చిన్నాయన సీటు మీద బొంత మడిచి తాడుతో కట్టాడు, మెత్తగా ఉంటుందని. ఆ ఎత్తు మీద నా కాళ్లు ఫుట్‌రెస్టుకు అందలేదు. ఊరి చివర రోడ్డుకు అడ్డంగా వేసిన హంపు ఎక్కేసరికి బొంతతో సహా పక్కకు జారాను. చేతికి దొరికిన ఆయన కాలరు పట్టుకుని నిలదొక్కుకున్నాను. బండి ఆపి చూస్తే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుండిపోయాం.

"మెత్తగా ఉండాల్సింది స్ప్రింగమ్మా. నేను బొంత కట్నా చూడు, బుద్ధి లేనోన్ని" అన్నాడు బొంత తాడు విప్పుతూ.

ఆ రోజు నుంచి నన్ను ఎక్కించుకునే ముందు స్పానరు తీసి రెండు వైపులా స్ప్రింగులు వదులు చేసేవాడు. అంతటితో నమ్మకం కుదిరేది కాదు. నిండు చెంబుతో మజ్జిగ చేతికిచ్చి చిన్నమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చేవాడు. మజ్జిగ చిన్నమ్మ చీర మీద ఒలికితే ఆ పూట నాకు ప్రయాణం లేదు. "నీ అన్న కూతురు కనేలోపల నా చీరలన్నీ పులిసిపోతాయి" అని చిన్నమ్మ సాధించేది. ముందు బ్రేకు గట్టిగా పట్టేవాడు కాదు. పడితే బండి ముక్కు దించుతుంది, నా కడుపు ఆయన వీపుకు ఒత్తుకుంటుంది. అందుకని గుంత ఇంకా దూరాన ఉండగానే వేగం తగ్గించేవాడు. నవ్వే మగవాళ్లు నవ్వేవారు. "భయముండేవోనికే బ్రేకు మీద కాలుంటాదప్పా" అని వాళ్లకు చెప్పేవాడు.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం కడుపు రాయిలా బిగుసుకుపోయింది. చీర మీద ఎర్రటి మరక చూసి నేను కేక పెట్టాను. ఆ పొద్దున్నే ఆయన సరుకు తెచ్చాడు. స్ప్రింగులు బిర్రుగా ఉన్నాయి. ఊళ్లో ఉన్న ఒక్క కారు ఎవరిదో పెళ్లికి చాకవేలు పోయింది.

చిన్నాయన బండి పక్కన కూలబడి స్పానరు పెట్టాడు. చెమటకు అది జారిపోతోంది.

"మనిషి పోతాంటే బండి రిపేరి చేస్తాండావా? పిల్చుకోని పో!" అని చిన్నమ్మ అరిచింది.

"ఇట్లే పోతే గుంత గుంతకూ ఎగరేస్తాదే! నాతో కాదు!" అని ఆయనా అరిచాడు. చిన్నమ్మ పక్కన కూర్చుని స్పానరును తన రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు.

బండి బాగేపల్లి దారి పట్టింది. నేను ఆయన భుజం పట్టుకున్నాను. ఆ భుజం వణుకుతోంది.

"భయమేస్తాండాది చిన్నాయనా."

"నాకూ వేస్తాండాదమ్మా. దాపెట్టేదేముండాది? ఇద్దరం కలిసి భయపడదాం. నువ్వు మాట్లాడ్తానే ఉండు, నేను తోల్తానే ఉంటా."

ఏం మాట్లాడానో గుర్తులేదు. మధ్యలో నా మాట ఆగితే "ఉండావా తల్లీ?" అనేవాడు. "ఉండాను" అనేదాన్ని. బాగేపల్లిలో డాక్టరమ్మ సూది వేసి నొప్పులు ఆపి, కాన్పు దాకా అక్కడే పడుకోబెట్టుకుంది. నా కూతురు ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చిన్నాయన, "ఆ పొద్దు రోడ్డు బాగుండింది" అని మాట తప్పించేసేవాడు. ఆ రోడ్డు ఎప్పుడూ బాగుండలేదు.

ధైర్యం చెప్పేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. నాతోపాటు భయపడిన మనిషి ఆయన ఒక్కడే. ఫోన్‌లో ఆ మాట వినగానే నాకు భయం వేసింది అందుకే. ఇక నా భయం నేనొక్కదాన్నే మోసుకోవాలి.

చిన్నాయనను ఆసుపత్రి నుంచి అంబులెన్సులో తీసుకొచ్చాం. స్ట్రెచరుకు ఇటు నేను, అటు చిన్నమ్మ. బాగేపల్లి దాకా హైవే మీద తెలియలేదు. మిట్టేమరి దారి పట్టగానే మొదటి గుంతకు ఆయన తల పైకి లేచి టప్పున పడింది.

"మెల్లగా పోప్పా!" అని అరిచాను.

డ్రైవరు మంచివాడే. వెనక్కి తిరిగి, "ఆయనకింకేం తెలుస్తాదమ్మా?" అన్నాడు మెత్తగా.

"నాకు తెలుస్తాదప్పా. మెల్లగా పోనీ" అంది చిన్నమ్మ.

డ్రైవరు వేగం తగ్గించాడు. నేను అరచేయి చిన్నాయన తల కిందకు తోశాను. చిన్నమ్మ చెయ్యి అటువైపు నుంచి వచ్చి నా చేతి కిందకు చేరింది. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి, దాటిపొమ్మని సైగ చేశాడు. బస్సు పోయింది. దాని వెనక పాల వ్యాను పోయింది. మేం నడక వేగంతో పోతున్నాం. బండి ఊగినప్పుడల్లా మా చేతులు ఊగుతున్నాయి. వాటి మీద చిన్నాయన తల కదలకుండా ఉంది.