గాలిమోటారు యాడ దిగుతాది

మా ఆయన ఏకాంబరానికి ఈ లోకంలో తెలిసినవి రెండే. ఒకటి మగ్గం, రెండోది గాలిమోటారు, అదే విమానం. మగ్గం వాళ్ల నాయన నేర్పించినాడు. రెండోది ఎవరూ నేర్పించలా, అదే వచ్చి పట్టుకునింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట ఎవడో. ఆ ఎవడో మా ఇంట్లోనే ఉండాడు.

మాది నగరి. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు మూలబడినాయి. అప్పుడు ఈయన సముద్రం దాటి పొయ్యి, కొలంబోలో ఒక చెట్టియారు జౌళికొట్లో లుంగీలు మడిచే పనికి కుదిరినాడు. యుద్ధం అయినంక నన్నూ పిలిపించుకున్నాడు. నేనేదో కాపురమని పోతే, ఆదివారం వచ్చిందంటే రత్మలానాలో గాలిమోటార్లు దిగే మైదానం చుట్టూ తిరగడమే కాపురం. యాడ నిలబడితే బాగా కనపడతాదా అని ఆ మనిషి వెతకని చోటు లేదు. రైలుకట్ట ఎక్కినాడు. కొబ్బరితోటల్లో దూరినాడు. ఒక వడ్రంగాయన ఇంటి పైకెక్కి రెండు పెంకులు పగలగొట్టి, సింహళంలో తిట్లన్నీ నేర్చుకోనొచ్చినాడు. "ఎండ వీపుకు తగలాల సిద్ధమ్మా, కంటికి తగలకూడదు" అని నాకు పాఠం కూడా చెప్పినాడు. నా వీపు మాడిపోయింది, ఆయన పాఠం మాత్రం అయిపోలా.

ఈ సంగతులన్నీ వాళ్లమ్మకు జాబులు రాసేవాడు. మా అత్త నాగులమ్మ ఎవరి చేతనో చదివించుకొని, "వీడివన్నీ కోతలు" అనేది. నలభై ఏడో సంవత్సరం, సంక్రాంతి వచ్చే తై నెలలో, కదిర్గామం మురుగన్ మొక్కు తీర్చేదానికి ఆమె సింహళం వచ్చింది. మొక్కు తీరినాక, "ఏదీ, నీ గాలిమోటారు చూపించు, చూస్తా" అనింది. మా ఆయన కాళ్లు నేలన నిలిస్తే ఒట్టు.

గాలిమోటారు ఎప్పుడూ గాలికెదురుగానే దిగుతాది. ఇది ఆయన సొంతంగా కనిపెట్టిన శాస్త్రం. గాలి సంగతి మగ్గం నేసే సాలోళ్లకు చెప్పాల్నా? నగరిలో తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు పోగులు సాచి గంజి పెడతారు. గాలి ఎటునుంచి వస్తా ఉండేది చూసుకోకపోతే పోగులన్నీ అంటుకోని పోతాయి. ఈయన అదే మాదిరి కోడి కూసే యాళకు లేచి, నూలుపోగు ఒకటి ఎత్తి పట్టుకున్నాడు. "గాలి తూర్పు నుంచి వస్తా ఉండాది. అంటే మోటారు దానికెదురుగా, పడమటి సముద్రం దిక్కునుంచి వస్తాది. రైలుకట్ట కాడ నిలబడితే మన నెత్తిమీదే" అన్నాడు.

మద్రాసు మోటారు వచ్చేది మధ్యాన్నం దాటినాక. పొయ్యి నిలబడినాము. అదేమో ఆ తట్టు ఎక్కడో, మైదానం అవతల దిగిపాయ.

"అదో అమ్మా, ఆ చెట్లపైన, తెల్లగా."

"యాడరా? కొంగ కూడా లేదు."

రెండోరోజూ అంతే, మా ఇద్దరికీ కనపడింది, ఆమెకు కనపడలా. మా అత్త ముఖం ముడుచుకునింది. "చిన్నప్పటి నుంచి నీవి అబద్ధాలే. ముసిల్దాన్ని ఆడించేదానికి ఇంతదూరం రమ్మన్నావా?" అనింది. ఆ పూట మా ఆయన అన్నం ముట్టలా. మరుసటి సాయంత్రం రైలుకు ఆమె వెళ్లిపోతాది. ఆలోగా చూపించకపోతే, కన్నతల్లి దగ్గర ఈయన చచ్చేదాకా అబద్ధాలోడే. నాకు ఆయన మీద ఎంత కోపమున్నా, ఆ ముఖం చూసి రేపు కూడా వెంట పోదామనుకున్నా.

మూడోరోజు తెల్లారుజామున మళ్లీ పోగు పట్టినాడు, మళ్లీ రైలుకట్టే అన్నాడు. మధ్యాన్నం ఆడ నిలబడి ఉంటే నా కొంగు ఎగిరి ముఖానికి చుట్టుకునింది. దాన్ని లాగేటప్పుడు తట్టింది నాకు.

"ఏమయ్యా, పొద్దున నా కొంగు సముద్రం దిక్కు ఎగిరింది. ఇప్పుడు మైదానం దిక్కు ఎగరతా ఉండాదే."

"అట్లయితే మోటారు అవతల తట్టునుంచి వస్తాది" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. సాలోడికి గాలి అంటే తెల్లారుజాము గాలే. ఎండ ఎక్కేలోపల పడుగు ఎత్తేస్తారు, మధ్యాన్నం గాలి ఎటు తిరిగితే వాళ్లకేమి? ఈ పెద్ద శాస్త్రజ్ఞుడు మోటారు వచ్చే యాళకు పోగు పట్టి చూసినోడే కాదు.

ఇంక చూడండి మా పరుగు. కొబ్బరిపీచు బండి ఒకటి పోతా ఉంటే బండాయన కాళ్లూ గడ్డం పట్టుకోని, మా అత్తను పీచుమీద కూర్చోబెట్టినాము. అవతల తట్టు పోయేసరికి బండి పోయే దారి లేదు, అంతా జమ్ముగడ్డి, బురద. మా ఆయన తల్లిని వీపునెత్తుకున్నాడు. మోకాలిలోతు బురదలో ఆయన పరిగెత్తడం, ఆమె పైనుంచి నెత్తిన మొత్తడం, "దించరా ఎదవా, నలుగురూ నవ్వతారు" అనడం. నలుగురు యాడుండారు, నేనొక్కదాన్నే. నవ్వి నవ్వి నాకు పక్కలు నొప్పెత్తినాయి.

మైదానం గట్టు కనపడినాక ఆమెను దించినాడో లేదో, మోత మొదలయ్యింది. నేల అదిరింది. జమ్మంతా పండుకునింది. వచ్చింది చూడండి, మా నెత్తిమీదే, చెయ్యెత్తితే తగిలేటట్టు. మా అత్త అంతెత్తున తలెత్తి, గరుడపక్షిని చూసినట్టు చెంపలేసుకోని "గోవిందా గోవిందా" అనింది. మా ఆయనా అన్నాడు, నేనూ అన్నాను. అది మమ్మల్ని దాటి మైదానంలో దిగింది.

మా అత్త బురదలోనే కూలబడింది. "రెండు చక్రాలు" అనింది. "రెండుండాయి. కడుపు కింద నల్లంగా నూనె మరక. చూసినా." నవ్వతా ఉండాది, కండ్లలో నీళ్లు కారతా ఉండాయి.

"నమ్మినావా అమ్మా?" అన్నాడు ఈయన.

"నువ్వు చెప్పింది నిజమేనని మొదటిరోజే తెలుసురా. మీరిద్దరూ చూస్తా ఉండారు, నాకే కనపడలా. కండ్లు పోయినాయేమో, రేపటి నుంచి ఎవరి చెయ్యో పట్టుకోని నడవాల్నేమో అని భయపడినా. అది చెప్పుకోలేక నిన్ను అబద్ధాలోడంటి. నాకు కండ్లుండాయిరా ఏకాంబరా, ఇంకా ఉండాయి."

మా ఆయన ఆమె పక్కనే బురదలో కూర్చున్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకోని, దిగిన మోటారునే చూస్తా ఉండిపోయినారు. రైలుకు పొద్దుపోతా ఉండాది, పోతే పోనీ అని నేనూ మా అత్త పక్కన బురదలో కూర్చున్నా.