కాలవ గట్టు మీద తొమ్మిది బుట్టలు

మొన్న డిసెంబరులో పటమటలోని మా ఫ్లాట్‌కి రంగులు వేయించాం. మూడు రోజులుగా ముసురు వదల్లేదు, గోడలు ఆరలేదు. పెయింటరు కొత్త బకెట్టు మూత ఊడదీసి పక్కన పెట్టగానే గదంతా రంగు వాసన నిండింది. నా చెయ్యి ఊరుకోలేదు. ఆ మూత తీసుకుని, బొటనవేలు పైన, మిగతా వేళ్ళు అంచు కింద పెట్టి మణికట్టు వంచి చూసుకున్నాను. "మూత పాడైపోద్దమ్మా, ఇటియ్యండి" అన్నాడతను. ఇచ్చేశాను. అలాంటి మూతతో నేను నేర్చుకున్నంత ఏ పుస్తకంతోనూ నేర్చుకోలేదని అతనికి చెబితే నవ్వేవాడు.

తొంభైల చివర్లో నేను కూచిపూడి దాటాక ఒక ఊళ్ళో హైస్కూల్లో చదివాను. మా కుట్టు టీచరు జైబున్నీసా గారు విజయవాడ నుంచి బస్సులో వచ్చేవారు. పోలియోతో ఎడమ కాలు సన్నబడిపోవడం వల్ల మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవారు. అలాంటావిడ మాకు ఆటలు నేర్పారంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మా బళ్ళో ఆటస్థలం అబ్బాయిలది. వాళ్ళు ఆడుతుంటే చప్పట్లు కొట్టడమే మా ఆట. పైగా కార్తీకం వచ్చిందంటే ఆ స్థలం కూడా నీళ్ళలో ఉండేది. ఆవిడ వాళ్ళక్కగారింట్లో కేబుల్ టీవీలో ఒక ఆట చూశారట. చెట్ల మధ్య దూరదూరంగా బుట్టలుంటాయి. పళ్ళెంలాంటి బిళ్ళని బుట్టలోకి విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడ నుంచే మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లతో అన్ని బుట్టలూ పూర్తి చేసినవాళ్ళు గెలిచినట్టు. "దీనికి పొడి నేలతో పనిలేదే. పరిగెత్తే పని అంతకన్నా లేదు" అన్నారు మాతో, పెద్ద నిధి దొరికినట్టు.

టీచరుగారి తమ్ముడు రంగుల మేస్త్రీ కాబట్టి బిళ్ళలుగా విసరడానికి బకెట్టు మూతలకు కొదవలేదు. బుట్టలు మా ఇంటి నుంచి వెళ్ళాయి. మా అమ్మ చేపలమ్మేది. అడుగు పాడైన పాత బుట్టలు తొమ్మిదింటిని టీచరుగారు నారతో అల్లి బాగుచేసి, కాలవ గట్టు పొడవునా తుమ్మలకీ కొబ్బరి చెట్లకీ కట్టించారు. ఎంత కడిగినా నీచు వాసన పోలేదు. కాకులు మాకన్నా ముందే ఆటకి వచ్చేవి. వానలో మూత జారుతుందని ప్రతి విసురుకీ ముందు ఓణీతో తుడవమనేవారు. ఊపు కోసం పరిగెత్తుకొచ్చి విసిరినవాళ్ళం నల్లమట్టిలో జారి కూర్చునేవాళ్ళం. "రెండు కాళ్ళున్నాయని ఆ తొందర. నిలబడి విసరండే" అని ఆవిడే నవ్వేవారు.

ఆ ఏడు డిసెంబరులో అల్పపీడనం పట్టుకుంది. హెడ్మాస్టారు మంచివారే. అదే వచ్చిన చిక్కు. ఒకరోజు కుట్టు గదికి వచ్చి, "గురువారం ఆటల పీరియడు ఇక లెక్కలకి ఇచ్చేద్దామండీ. ఆ గట్టు మీద మీరు జారిపడితే మీ ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్పాలి?" అన్నారు. వారంలో మాకున్నది ఆ ఒక్క గంట.

"మీరేం చెప్పక్కర్లేదండీ. పడితే నేనే చెప్పుకుంటాను" అన్నారావిడ, సూదిలో దారం ఎక్కిస్తూనే. "ఈ గురువారం మీరొచ్చి చూడండి. తొమ్మిది బుట్టలూ నేనొక్కదాన్నే తిరుగుతాను. నావల్ల కాకపోతే పీరియడు లెక్కలకే ఇచ్చేయండి."

గురువారం సన్నగా జల్లు పడుతోంది. హెడ్మాస్టారు గొడుగేసుకుని వెనక, ఆయన వెనక మేము. ఆవిడ ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, రెండో చేత్తో విసురుతూ అయిదు బుట్టలు దాటారు. ఆరో బుట్ట దగ్గర గాలి కొట్టి మూత గట్టు దిగువకి పోయి బురదలో పడింది. దానికోసం దిగబోయి ఆవిడ జారి, నిలువునా పడిపోయారు. తెల్ల చీర నల్లగా అయిపోయింది. "అయ్యో, పట్టుకోండే" అన్నారు హెడ్మాస్టారు. అందరం దూకాం.

"ఎవరూ రావద్దు" అన్నారావిడ, పడినచోటు నుంచే. "పడటం విసురు కాదు. అది లెక్కలోకి రాదు."

మేము ఆగిపోయాం. ఆవిడ మోచేతి మీద లేచి, కుడికాలు మడిచి, గడ్డి పట్టుకుని నిలబడటానికి చాలాసేపు పట్టింది. నేను చూడలేకపోయాను. కనీసం ఈ సాయమైనా చేద్దామని మూతని బురదలోంచి తీసి, తుడిచి, గట్టు మీద గట్టి నేల చూసి పెట్టాను.

"మంగా, ఎక్కడుందో అక్కడే పెట్టు."

"అక్కడ నిలబడలేరు టీచర్."

"అది నేను చూసుకుంటాను."

చీలమండల దాకా బురదలో దిగి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆవిడ ఆ బురదలోనే నిలబడి విసిరారు. మూత బుట్ట అంచుకి తగిలి కింద పడింది. ఇంకోసారి విసరాల్సి వచ్చింది. అలాగే తొమ్మిదీ ముగించారు.

"ఎన్నింటికి అయిందండీ?" అని అడిగారు హెడ్మాస్టారు.

"ముప్పై రెండండి. ముప్పై ఒకటి నావి. బిళ్ళ కదిలింది కాబట్టి ఇంకోటి కలపాలి. అది మంగ జాలిది."

అందరూ నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ బురద చీరతో ఆవిడ గట్టు మీద నడిచి వస్తుంటే, ఈవిడ మా టీచరు అని ఊరంతా వినేలా అరవాలనిపించింది. పీరియడు మాకే ఉండిపోయింది.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కాళ్ళు విరిగినవాళ్ళకీ నడక నేర్పుతాను. వాళ్ళు తూలగానే ఇంట్లోవాళ్ళు పట్టుకోబోతారు. నేను ఆ ఇంట్లోవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపుతాను. "ఈవిడకి మనసే లేదు" అని నా ఎదురుగానే అన్నవాళ్ళున్నారు. అననీ. పడితే దెబ్బ తగలకుండా కింద మెత్తటి పరుపు వేస్తాను, అడిగితే చెయ్యిస్తాను. అడగకపోతే మాత్రం పక్కనే నిలబడి, ఎంతసేపు పట్టినా చూస్తూ ఉంటాను. ఆ లేవడం వాళ్ళది. దాన్ని వాళ్ళ చేతిలోంచి తీసుకునే హక్కు నాకు లేదు.