మెడ ఒక్కటే ఒత్తిన తూటాలు

బహ్రెయిన్‌లో ఒక రైఫిల్ క్లబ్బులో, తూటాలు తిరిగి నింపే గదిలో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పేలిన తూటాకు మిగిలే ఇత్తడి గొట్టాన్ని మేము కేసు అంటాం. పేలినప్పుడు అది ఆ తుపాకీ లోపలి కొలతకు ఉబ్బుతుంది. మళ్లీ నింపే ముందు దాన్ని ప్రెస్సులో ఒత్తాలి. ఒళ్లంతా ఒత్తితే ఆ సైజు రైఫిల్ దేనిలోనైనా పడుతుంది. మూతి దగ్గరి సన్నని మెడ ఒక్కటే ఒత్తితే ఇత్తడి ఎక్కువ కాలం మన్నుతుంది, గురీ బాగుంటుందంటారు. కానీ ఆ కేసు తాను పేలిన తుపాకీకే నమ్మకంగా పనికొస్తుంది.

క్లబ్బు సభ్యుడైన ఒక పెద్దాయన ఎప్పుడూ మెడే ఒత్తించేవాడు. నా పనిని నలుగురిలో మెచ్చుకునేవాడు. నిరుడు పోటీలకు ముందు అదే సైజులో ఇంకో రైఫిల్ కొన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు.

నాతో పనిచేసే నిజామాబాద్ తమ్ముడు ప్రెస్సు పిడి పట్టుకుని ఆగాడు.

"అన్నా, పెద్దాయనకు ఇప్పుడు రెండు తుపాకులున్నయి గదా. మొత్తం ఒత్తుదామా?"

"ఆయనకు మెడే ఇష్టం."

"ఒళ్లంత ఉబ్బినంక మెడ పిసికితే ఏమైతదే?"

"ఏది ఒత్తాలో నేను చూసుకుంటా. నువ్వు పిడి లాగు చాలు."

"సరే, ప్రసంగం ఆపు. లాగుతున్న," అని నవ్వాడు.

శనివారం పోటీకి పెద్దాయన కొత్త రైఫిల్ తెచ్చాడు. మేము నింపిన తూటా లోపల పట్టక బోల్టు మూసుకోలేదు. మూడు తూటాలు మార్చినా అంతే. అందరి ముందూ పోటీ నుంచి తప్పుకున్నాడు. క్లబ్బు మేనేజరు మా గదికొచ్చి, ఎవరు ఒత్తారని హిందీలో అడిగాడు.

"నేనే సాబ్," అన్నాడు తమ్ముడు. అది నిజమే. అలా ఒత్తమన్నది ఎవరని మేనేజరు అడగలేదు. తమ్ముడు ఒకసారి నా వైపు చూశాడు. నేను బల్ల మీది ఇత్తడి పొడి తుడుస్తూ ఉండిపోయాను.

నెల తిరిగేసరికి అతని కాంట్రాక్టు ముగిసింది. మేనేజరు దాన్ని పొడిగించలేదు.

మా చర్చి సంఘం శుక్రవారాలు రాజధాని మనామాలో కూడుతుంది. అక్కడ వాక్యం చెప్పేవాళ్లలో నేనొకణ్ని. తమ్ముడు విమానం ఎక్కిన వారం, సాక్ష్యాల సమయంలో లేచి జరిగిందంతా చెప్పి ఏడ్చాను. "స్తోత్రం" అన్నారందరూ. భారం దిగిందనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఆ సంతోషంలోనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"మీ సంఘంల చెప్పినవ్, మంచిదే. సాబుకు చెప్పినవా అన్నా?"

లేదన్నాను.

"నన్ను ఇంటికి పంపింది సాబు గదనే. మీ దేవుడు కాదు గద."

మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఖలాస్ భాయ్. కొత్త మనిషికి వీసా కూడా వచ్చేసింది," అన్నాడు. మళ్లీ, "ఆ రోజు ఇద్దరూ నా ఎదుటే ఉన్నారు కదా. అప్పుడెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతాను. అందులో నాకు సందేహం లేదు. మేనేజరు అడిగినదానికి మాత్రం, ఉద్యోగం పోతుందని భయపడ్డానన్నది తప్ప ఇంకో జవాబు లేదు. ఆ ఒక్క మాటా ఆయనతో అనలేక బయటికి వచ్చేశాను.